అచ్చులో ఉన్న ఇరవై

పోయిన నెలలో నాలుగు రోజుల జ్వరానికి అమలాపురంలో ఒక ఆసుపత్రిలో పడుకున్నాను. పొద్దున్నే ఒక నర్సమ్మ వచ్చింది. చంకలో థర్మామీటరు పెట్టింది. మణికట్టు పట్టుకుని, కిటికీలోంచి బయట ఆగిన బస్సు కేసి చూసి, వదిలేసింది. కాగితం మీద మూడు అంకెలు వేసింది. జ్వరం నూటొకటి, నాడి తొంభై రెండు, ఊపిరి ఇరవై. మొదటి రెండింటి సంగతి నాకు తెలియదు. మూడోది మాత్రం తప్పు. ఆ అమ్మాయి రాకముందు పనేమీ లేక గోడ గడియారం చూస్తూ మూడుసార్లు లెక్కపెట్టుకున్నాను. ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై ఆరు. ఎవరి ఊపిరి వాళ్ళు లెక్కపెట్టుకుంటే కాస్త తేడా వస్తుందని నాకు తెలుసు. ఆరు తేడా రాదు.

"ఊపిరి ఎప్పుడు చూసేవమ్మా?" అని అడిగాను.

"అలవాటైపోయిందండి. మనిషిని చూస్తే తెలిసిపోద్దండి," అంది.

ఈ విషయంలో ఒకరిని అనే హక్కు నాకు లేదు. ఒక ఆసుపత్రి మొత్తానికి ఒకే ఊపిరి అచ్చు వేయించినవాణ్ణి నేను. దాన్ని పెన్నుతో అడ్డంగా కొట్టేసింది ఒక నర్సింగు విద్యార్థిని. ఆమె పేరు ఇక్కడ రాయను. ఇప్పుడు ఎక్కడ, ఏ హోదాలో ఉందో నాకు తెలియదు. తెలియనిది రాయకూడదని నాకు నేర్పింది ఆమే.

తొంభైలలో సంగతి. అమలాపురానికీ రాజోలుకీ మధ్య ఒక ప్రైవేటు ఆసుపత్రి. ఇరవై ఆరు మంచాలు, దానికి అనుబంధంగా నర్సింగు స్కూలు. నేను స్టోర్ కీపర్ని. దూది, గాజుగుడ్డ, సెలైను సీసాలు, కాగితాలు అన్నీ నా చేతి మీదుగా వెళ్ళేవి. పదో తరగతి లెక్కల్లో తప్పినవాణ్ణి. తర్వాత ఎవరూ చెప్పకుండా పాత పుస్తకాలు తెచ్చుకుని సరాసరీ శాతాలూ అన్నీ పట్టాను. సొంతంగా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. అంకెలు కనబడితే చాలు, వాటి వెనక మనుషులున్నారో లేదో చూడకుండా లెక్క కట్టేస్తాడు.

ప్రతి మంచానికీ రోజుకొక షీటు. అందులో జ్వరం, నాడి, ఊపిరి, రోజుకి నాలుగుసార్లు రాయాలి. పాత షీట్లు కట్టలు కట్టి అటక మీద పెట్టడం నా పని. ఒకసారి తోచక వెయ్యి షీట్లు తీసి చూశాను. అంటే ఊపిరి గడిలో నాలుగు వేల అంకెలు. మూడు వేల తొమ్మిది వందల ఎనభై ఎనిమిది చోట్ల ఇరవై. తొమ్మిది చోట్ల ఇరవై రెండు. మూడు ఖాళీ. పురిటికి వచ్చిన ఆడవాళ్ళు, కొబ్బరి చెట్టు మీంచి పడ్డవాళ్ళు, ఉబ్బసం ముసలివాళ్ళు, అందరూ కూడబలుక్కున్నట్టు నిమిషానికి ఇరవైసార్లే ఊపిరి తీశారు. మధ్యాహ్నం మూడింటికి పోయిన ఒక పెద్దాయన సాయంత్రం ఆరింటికి కూడా ఇరవైసార్లు తీశాడు. కనీసం ఆ షీటు చూసినప్పుడైనా నాకు అనుమానం రావలసింది. రాలేదు. ఆ నిలకడ చూసి ముచ్చటపడ్డాను.

మారని అంకెని రోజూ చేత్తో రాయడం దండగ కదా అనిపించింది. కొత్త షీట్లు వేయించే సమయం వచ్చింది. ప్రిన్సిపాల్ మేడం గారి దగ్గరికి వెళ్ళి, ఊపిరి గడిలో ఇరవై అచ్చులోనే వేయించేద్దామండి, పిల్లలకి టైము కలిసొస్తుంది, సిరా కలిసొస్తుంది అన్నాను. మేడం గారు నా వంక చాలాసేపు చూసి, "మీలాంటి బుర్ర మా ట్యూటర్లకి లేకపోయిందండి," అన్నారు. పదివేల షీట్లు వేయించాం. వారం రోజులు నేను వార్డులో కాస్త ఛాతీ విరుచుకుని తిరిగాను. ఎవరూ ఏమీ అనలేదు. డాక్టర్లు అనలేదు, హెడ్ నర్సు అనలేదు. ఆఖరి సంవత్సరంలో ఇరవై ఇద్దరు ఆడపిల్లలుంటే అందులో ఇరవై ఒక్కమంది దండం పెట్టినంత పని చేశారు.

ఇరవై రెండో అమ్మాయి ఎనిమిదో రోజున స్టోరుకి వచ్చింది.

సన్నటి మనిషి. వాళ్ళ నాన్నది కాబోలు, మగవాళ్ళ వాచీ ఒకటి పెట్టుకునేది. మణికట్టుకి నిలవక దాన్ని మోచేతి దాకా ఎగదోసుకునేది. సెకన్ల ముల్లు ఉన్న వాచీ ఆ బ్యాచ్ మొత్తానికి అదొక్కటే. వార్డు గడియారం ఆగి రెండేళ్ళయింది. ఊపిరి లెక్కపెట్టడం పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న కాబట్టి దానికి గడియారం అవసరమని ఎవరికీ తట్టలేదు.

"బాబాయి గారండీ, ఈ ఇరవై ఎవరు పెట్టేరండి?" అంది షీటు చూపించి.

"నేనే," అన్నాను. గొప్పగానే అన్నాను.

"మీరు చూసేరాండి?"

"వెయ్యి కాగితాలు చూశానమ్మా."

"కాగితాలు కాదండి. మనుషుల్నండి."

నేను కోప్పడాలనే అనుకున్నాను. కానీ ఆమె అడిగిన పద్ధతిలో కోప్పడ్డానికి చోటు లేదు. తల వంచుకుని, అండీ అండీ అంటూ, పోస్టాఫీసులో కవరు ఎంతండీ అని అడిగినట్టు అడిగింది. మా ప్రాంతంలో మర్యాద ఉన్న మనిషితో వాదం పెట్టుకోవడం చాలా కష్టం. మీరు ఏం చెప్పినా "ఆయ్" అంటుంది. అని, తను అనుకున్నదే చేసుకుపోతుంది.

ఆ రోజు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి చూసింది. పదిహేడు. తర్వాత వాచీ విప్పి నా చేతికిచ్చి, "కాంపౌండరు గారిని చూడండి," అంది. పదిహేను. రాజోలు బస్సులో నిద్రపోతున్న ఐదుగుర్ని చూశాను. పద్నాలుగు, పంతొమ్మిది, పదహారు, ఇరవై ఒకటి, పదహారు. రేవులో గోదావరి దాటించే పంటు కోసం కూర్చున్నవాళ్ళని చూశాను. ఇంటికెళ్ళాక మా ఆవిడ, "దారి పొడుగునా ఎవరెవరి పొట్టలకేసో చూసుకుంటా వచ్చేరంట. రేవులో రత్తమ్మ చెప్పింది. ఏం కథండి?" అని అడిగింది. ఆరు వందల పైచిలుకు పొట్టలు చూసేదాకా ఆ పిచ్చి వదల్లేదు.

అయినా షీట్ల సంగతి నేను ఎత్తలేదు. అప్పటికి తొమ్మిది వేల ఎనిమిది వందలు మిగిలి ఉన్నాయి. కాగితం పారేయాలంటే నాకు ప్రాణం ఒప్పదు.

ఆమె మాత్రం అచ్చులో ఉన్న ఇరవైని అడ్డంగా కొట్టేసి పైన తను చూసింది రాయడం మొదలుపెట్టింది. ఎలా చూడాలో ఆమెకి ఎవరూ చెప్పలేదు. పుస్తకంలో ఉంటుంది. పుస్తకం అద్దాల బీరువాలో ఉంటుంది. బీరువా తాళం మేడం గారి బొడ్లో ఉంటుంది. మొదట్లో ఆమె రోగి దగ్గరికి వెళ్ళి, "మీ ఊపిరి లెక్కెడతానండి," అని చెప్పి మరీ నిలబడేది. కొందరు బిగబట్టేవాళ్ళు. కొందరు బుస కొట్టేవాళ్ళు. కొబ్బరికాయల దింపు పనివాడు ఒకడు, కాలు విరిగి పడుకున్నవాడు, పెద్దమనసుతో, "ఎన్ని గావాలో సెప్పమ్మా, తీసేత్తాను," అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆలోచించుకుంటూ వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి మణికట్టు పట్టుకుని, నాడి చూస్తున్నట్టే ఉండి, పంట కాలవకి నీళ్ళొదిలేరా, మీ కోడలు ఏ ఊరు పిల్ల అని అడిగి, వాళ్ళు చెప్పి ఊరుకున్నాక పొట్ట కేసి చూసేది. పనికొచ్చే పద్ధతి అదేనని తనే కనిపెట్టుకుంది. ఎవరైనా సరే ఏదైనా అడిగితే, తెలియకపోతే, "నేను చూడలేదండి," అనేది. మూడేళ్ళ చదువులో ఆ మాట ఇంకెవరి నోటా నేను వినలేదు. మిగతావాళ్ళకి అన్నీ తెలుసు.

ఆ రోజుల్లోనే పైనుంచి ఒక ఆర్డరు వచ్చింది. నర్సింగు విద్యార్థులు తమంతట తాము నేర్చుకోవాలట. నీళ్ళు, కాగితం, కరెంటు వృథా చేయని అలవాట్లు కూడా తమంతట తామే చేసుకోవాలట. మేడం గారు ఆర్డరుని తు.చ. తప్పకుండా అమలు చేశారు. రోజూ నాలుగు నుంచి ఐదు దాకా స్వయం అధ్యయనం గంట. హాజరు తీసుకుంటారు. తమంతట తాము ఏం నేర్చుకున్నారో డైరీలో రాయాలి. రాయడం రాని పిల్లలు ఇబ్బంది పడతారని మేడం గారే బోర్డు మీద రాసేవారు. ఇరవై రెండు డైరీల్లో ఇరవై రెండు మంది, "ఈ రోజు నా అంతట నేను ఆలోచించి, చేతులు కడుక్కోవడం ముఖ్యమని తెలుసుకున్నాను," అని ఒకేసారి తెలుసుకునేవారు. కాగితం వృథా చేయరాదని రాయడానికి నా దగ్గర నలభై చార్టు కాగితాలు తీసుకెళ్ళారు. నీళ్ళు వృథా చేయరాదన్న చార్టు కింద కొళాయి కారుతూ ఉండేది.

దాన్ని కూడా ఆమే చూసింది. నిమిషానికి అరవై చుక్కలు. స్టోరుకొచ్చి, "రోజుకి ఎన్ని లీటర్లవుద్దండి బాబాయి గారండీ?" అంది. సెలైను లెక్కలో పదిహేను చుక్కలు ఒక మిల్లీలీటరు. నేను వేళ్ళ మీద కట్టి, ఐదు లీటర్ల ముప్పావు అని చెప్పాను. "ఆయ్," అని వెళ్ళి కొళాయి కింద బకెట్టు పెట్టింది. మర్నాడు కొలిస్తే ఎనిమిదిన్నర వచ్చింది. కొళాయి చుక్క సెలైను చుక్క కన్నా పెద్దదని నాకు తట్టలేదు. చిరిగిన రబ్బరు గ్లౌజుని గుండ్రంగా కత్తిరించి కొళాయిలో బిగించింది. కారడం ఆగింది. డైరీలో ఆ రోజు అందరూ నీటి విలువ తెలుసుకున్నారు.

అసలు తగువు రికార్డు దగ్గర వచ్చింది. ఆఖరి పరీక్షకి కూర్చోవాలంటే ప్రతి విద్యార్థీ తను చూసిన ముప్పై మంది రోగుల షీట్లు ఫైలు చేసి మేడం గారి సంతకం పెట్టించుకోవాలి. కొట్టివేత ఉన్న ప్రతిచోటా విడిగా సంతకం ఉండాలని రూలు. ఆమె ఫైల్లో నూట తొమ్మిది కొట్టివేతలున్నాయి. సంతకం లేకపోతే ఆరు నెలలు ఆగాలి. కాకినాడలో ఒక ఆసుపత్రిలో ఆమెకి ఉద్యోగం మాట్లాడి ఉంచారు, పరీక్ష రాయగానే వచ్చి చేరమన్నారు. ఆగితే అది పోతుంది. ఇది మేడం గారికీ తెలుసు, నాకూ తెలుసు.

షీట్ల లెక్క చెప్పడానికి నన్ను కూడా గదిలోకి పిలిచారు.

"ఇది రికార్డా, చేపల బజార్లో చిట్టానా?" అన్నారు మేడం గారు ఫైలు తిరగేస్తూ. "పిచ్చిగీతలు."

"నూట ఇరవైలో పదకొండు చోట్ల ఇరవయ్యే వచ్చిందండి మేడం గారండీ. అవి కొట్టలేదండి," అంది ఆమె.

"మిగతా ఇరవై ఒక్కమందికీ అన్నిచోట్లా ఇరవై వచ్చినప్పుడు నీ ఒక్కదానికే ఎందుకు రాలేదు?"

"వాళ్ళు చూసినప్పుడు వచ్చిందేమోనండి. నేను చూసినప్పుడు రాలేదండి."

"అంటే అచ్చులో ఉన్నది అబద్ధమా?"

"నేను అలా అనలేదండి."

"కొత్త షీట్లు ఇస్తాను, అచ్చులో ఇరవై అలాగే వదిలేసి జ్వరం, నాడి నీటుగా రాసుకురా. ఒక పూట పని. ఇంత చిన్నదానికి ఎవరైనా పరీక్ష పోగొట్టుకుంటారా?"

ఆమె నా వంక చూసింది. "మొన్న మురమళ్ళ తాతగారికి ముప్పై ఆరు ఉందండి," అంది. "షీటు మీద ఇరవై ఉంది కదా అని డాక్టరు గారు ముందు రానన్నారండి. కొట్టేసి చూపిస్తే వచ్చేరండి. ఆక్సిజన్ పెట్టేరండి."

నిజమే. ఆ తాత బతికాడు. డాక్టరు గారి హస్తవాసి అని ఊరంతా చెప్పుకుంది. డాక్టరు గారు కూడా కాదనలేదు.

మేడం గారు నా వైపు తిరిగారు. "షీట్లు ఇంకా ఎన్ని ఉన్నాయండి?"

"ఆరు వేల నాలుగు వందలండి."

"విన్నావా? అన్నీ పారబోయమంటావా? కాగితం వృథా చేయకూడదని డైరీలో రాశావు కదా, నీ చేత్తో?"

"పారబోయొద్దండి. వెనక వేపు ఖాళీయేనండి. గీతలు గీసుకుని వెనక రాసుకుంటామండి. నేనే గీస్తానండి."

"వెనక వేపు రాస్తే అది రికార్డు కాదు," అన్నారు మేడం గారు. ఫైలు మూసేశారు.

ఆ గదిలో నేను చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఆ ఇరవై రోగులది కాదండి, నాది, నేను మనుషుల్ని చూడకుండా వేయించాను అని. అడిగిన అంకె చెప్పాను. అడగనిది చెప్పలేదు. ఆరు వేల నాలుగు వందలు సరైన అంకే. ఆ ఉదయం నేను స్వయంగా లెక్కపెట్టాను.

ఇరవై ఒక్కమంది పరీక్ష రాసి వెళ్ళిపోయారు. కాకినాడ ఉద్యోగం హాస్టల్లో ఆమె పక్క మంచం అమ్మాయికి వచ్చింది. రికార్డు చాలా నీటుగా ఉండేది ఆ అమ్మాయిది. వెళ్ళే రోజున ఈమే పెట్టె మోసి బస్సెక్కించి వచ్చింది. ఆ మధ్యాహ్నం స్టోరుకొచ్చి దూది తూకం వేయించుకుంటూ, "బాబాయి గారండీ, ఆరు నెలలంటే నూట ఎనభై మూడు రోజులాండి, ఎనభై రెండాండి?" అని అడిగింది. ఏ నెల నుంచి లెక్కపెడితే ఎన్నో వివరంగా చెప్పాను. చెబుతూ తలెత్తి చూస్తే ఆమె కళ్ళు తుడుచుకుంటోంది. నేను లెక్క ఆపలేదు. అదొక్కటే నాకు చేతనైన ఓదార్పు.

తర్వాత ఆమెని జూనియర్లతో కలిపి వార్డులో వేశారు. శిక్ష కిందే వేశారు. రోజూ డ్యూటీ దిగాక ఇరవై ఆరు షీట్లు తిరగేసి, స్కేలు పెట్టి వెనక గీతలు గీసేది. జూనియర్లకి ఆమె ఏ నీతీ చెప్పలేదు. చెప్పే రకం కాదు. వాళ్ళు ఆ వాచీ కోసం వచ్చారు. ముల్లు తిరుగుతుంటే చూడ్డం వాళ్ళకి సరదా. తర్వాత పందెం మొదలైంది. మంచం దగ్గరికి వెళ్ళకముందే ఎంత ఉంటుందో ఒక అంకె చెప్పాలి. ఎక్కువ తేడా వచ్చినవాళ్ళు ఆ రోజు గీతలు గీయాలి. వరండాలోంచి వినబడేది.

"ఆరో మంచం అత్తగారు పద్దెనిమిది."

"పద్దెనిమిదా? పొద్దున్నుంచీ కోడల్ని తిడతా ఉంది. పాతిక్కి తగ్గదు."

"అక్కా, తిట్టేటప్పుడు చూడాలా, ఆపేక చూడాలా?"

"ఆపేదాకా ఉంటే మన డ్యూటీ దిగిపోద్దే."

నాలుగు నుంచి ఐదు దాకా మాత్రం అందరూ హాల్లో కూర్చుని, తమంతట తాము నేర్చుకున్నది బోర్డు మీద చూసి రాసుకునేవారు.

ఆరో నెలలో ఇన్‌స్పెక్షన్ వచ్చింది. ఒక పెద్దావిడ, ఆవిడ వెనక ఫైళ్ళు మోసే గుమాస్తా. పెద్దావిడ డైరీలు నాలుగు తీసి చూశారు. నాలుగూ ఒకటే. "ప్రమాణాలు ఒకే స్థాయిలో ఉన్నాయి," అన్నారు. తర్వాత వార్డులోకి వచ్చి ఒక షీటు తీశారు. ముందు వేపు ఇరవై తప్ప అంతా ఖాళీ. తిరగేశారు. చేతిగీతలు, వాటిలో ఇరవై నాలుగు, పద్దెనిమిది, పదిహేడు, ముప్పై.

"ఇవి ఎవరు గీశారు?" అన్నారు.

మేడం గారు రెప్ప వాల్చలేదు. "మా పిల్లలేనండి. స్వయం అధ్యయనం కింద వాళ్ళంతట వాళ్ళే గీసుకుంటారండి. కాగితం పొదుపు కూడానండి. నేనే ప్రోత్సహించానండి."

పెద్దావిడ చాలా సంతోషించి ఆ మాట రిపోర్టులో రాసుకున్నారు. మంచం పక్కన నిలబడి ఉన్న ఆమె, "ఆయ్," అంది.

ఆ సాయంత్రమే, ఈ ఆరు నెలల షీట్లతో ఆమె కట్టిన కొత్త ఫైలు తెప్పించి సంతకాలు పెట్టారు. ముప్పై షీట్లకి ముప్పై సంతకాలు, అన్నీ వెనక వేపే. కొట్టివేతలు లేవు కాబట్టి అభ్యంతరం కూడా లేదు. ఆమె పరీక్ష రాసింది. వెళ్ళే ముందు స్టోరుకొస్తే, ఆ రోజు గదిలో చెప్పలేకపోయిన మాట చెప్పాను. ఆరు నెలలు ఆలస్యంగా చెప్పే మాటకి విలువ ఎంతో నేను కట్టలేను.

"తెలుసండి," అంది ఆమె. "మీరు చెప్తారేమోనని ఆ రోజు కాసేపు చూసేనండి."

అంతే. కోపంగా అనలేదు. ఆమె చూసింది చూసినట్టు చెప్పింది.

పాత షీట్లు అయిపోవచ్చాయి. కొత్తవి వేయించడానికి ఈసారి నేను నమూనా మీద ఊపిరి గడి ఖాళీగా ఉంచి, ఎర్ర సిరాతో చుట్టూ గీత కూడా గీసి ప్రెస్సుకి పంపాను. ఆమె వెళ్ళిన తొమ్మిదో రోజున కట్టలు దిగాయి. విప్పి చూస్తే ప్రతి గడిలోనూ ఇరవై. ప్రెస్సుకి ఫోను చేశాను.

"మీరు ఇరవై వెయ్యడం మర్చిపోయేరండి," అన్నాడు ప్రెస్సాయన ఆప్యాయంగా. "ఎర్ర సున్నా చుట్టి మరీ గుర్తు చేసేరు కదా అని పాత అచ్చు చూసి మేమే కలిపేసేం. పదివేలూ సరిపోయినియ్యాండి?"

ఈసారి నేనే మేడం గారికి చెబుదామని బయల్దేరాను. తప్పు నాదని, కొత్తగా వేయించాలని. కట్ట ఒకటి చంకలో పెట్టుకుని వార్డు మీదుగా వెళ్తుంటే జూనియర్లు ఆపారు. వాళ్ళకి షీట్లు కావాలి, అప్పటికే ఆలస్యమైంది. ఒక అమ్మాయి కట్ట విప్పి పై కాగితం చూసింది. ఇరవై చూసింది. నేను సంజాయిషీ మొదలుపెట్టేలోగా కాగితం తిరగేసి బల్ల మీద పెట్టింది. పక్కమ్మాయి స్కేలు అందించింది.